సమ్మా వాచా: చేతిలో ఉన్న దండోరా



అబద్ధానికి దూరంగా ఉంటానని మనం పంచశీలలో నాలుగో శీలంగా తీసుకుంటాం. అష్టాంగ మార్గంలో మూడో అంగం సమ్మా వాచా, అంటే సరైన మాట. బాబాసాహెబ్ 1956 అక్టోబరులో నాగపూర్‌లో దీక్ష ఇచ్చినప్పుడు చేయించిన 22 ప్రతిజ్ఞల్లోనూ అబద్ధం ఆడను అనేది ఒకటి. ఇవి మనలో తెలియనోళ్ళు లేరు. అయితే ఈ శీలం నోటి వరకే అనుకుంటున్నాం. ఇప్పుడు మాట నోటితోనే పోవడం లేదు, బొటనవేలితో కూడా పోతోంది. వాట్సాప్‌లో పంపేది, ఫేస్‌బుక్‌లో రాసేది, యూట్యూబ్ కింద పెట్టే కామెంటు, ఇవన్నీ వాచా కిందికే వస్తాయి.

వెనకట ఊర్లో కబురు చెప్పాలంటే తప్పెట కొట్టి దండోరా వేసేది మనోళ్ళే. తప్పెట మనది, గొంతు మనది, కబురు మాత్రం మనది కాదు. రెడ్డో కరణమో చెప్పమన్న మాటను వీధి వీధికీ తిరిగి చెప్పాలి. అది నిజమా అని అడిగే హక్కు లేదు. ఈ రోజు ఆదోనిలో కాటన్ మార్కెట్టుకు పోయే హమాలీ చేతిలోనూ, ఎమ్మిగనూరులో మగ్గం మీద కూర్చునే మనిషి చేతిలోనూ ఫోను ఉంది. అంటే ప్రతి ఒక్కరి చేతిలో ఒక దండోరా ఉంది. ఎవరు తయారు చేశారో, ఎందుకు చేశారో తెలియని వీడియోను వచ్చింది వచ్చినట్టు ముందుకు తోస్తే, మళ్ళా ఆ పాత పనే చేస్తున్నట్టు. అప్పుడు అడిగే హక్కు లేక అడగలేదు. ఇప్పుడు హక్కు ఉండి అడగడం లేదు.

ఈ పాఠంలో మూడు ప్రశ్నలు చూద్దాం. ఏ మాట హాని చేస్తుంది? దాన్ని ఆపాల్సింది ఎవరు? ఆపే పేరుతో మన నోరే మూతపడకుండా ఎట్లా చూసుకోవాలి?

1. మాటకు నాలుగు దోషాలు

బుద్ధుడు మాట దోషాలను నాలుగుగా విడదీసి చెప్పాడు. వాటిని ఫోనుకు అన్వయించి చూద్దాం.

ముసావాద, అంటే అబద్ధం. పాత ఫోటోను నిన్న జరిగిన సంఘటన అని పెట్టడం, బాబాసాహెబ్ ఎప్పుడూ అనని మాటను ఆయన ఫోటో కింద రాసి పంపడం ఈ దోషమే. మనకు ఇష్టమైన అబద్ధం కూడా అబద్ధమే.

పిసుణా వాచా, అంటే చాడీ. ఒకరి మాటను ఇంకొకరి దగ్గర పెట్టి ఇద్దరినీ విడదీయడం. ఒక గ్రూపులో అన్నదాన్ని స్క్రీన్‌షాట్ తీసి, ముందూ వెనకా కత్తిరించి, వేరే గ్రూపులో వేయడం ఇదే.

ఫరుసా వాచా, అంటే కరుకు మాట. బూతు, కులం పేరుతో తిట్టు, ఆడవాళ్ళను కించపరిచే మాట, బెదిరింపు.

సంఫప్పలాప, అంటే పనికిమాలిన మాట. ఇది చిన్న దోషంగా కనిపిస్తుంది గానీ ఫోనులో మన పొద్దంతా తినేది ఇదే.

మంచి మాటకు ఐదు గుర్తులు కూడా చెప్పాడు. సమయానికి చెప్పింది, నిజమైనది, మృదువుగా చెప్పింది, మేలు చేసేది, మైత్రి నిండిన మనసుతో చెప్పింది. పంపే గుర్తు నొక్కే ముందు ఈ ఐదూ చూసుకోవడానికి అర నిమిషం చాలు.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని మన పెద్దోళ్ళు అంటారు. డిలీట్ ఉంది కదా అనుకోవద్దు. మనం తుడిపేసే లోపల ఎవరో ఒకరు దాచిపెట్టుకొని ఉంటారు.

2. మన జిల్లాలో ఉన్న బండ

మాటను అదుపులో పెట్టుకోమనే సూత్రం ఎక్కడో దూరదేశం నుంచి రాలేదు. మన కర్నూలు జిల్లాలోనే, పత్తికొండ దాటి తుగ్గలి మండలంలో ఎర్రగుడి బండలు ఉన్నాయి. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దంలో అశోకుడు వేయించిన 14 పెద్ద శిలాశాసనాలూ, చిన్న శిలాశాసనాలూ ఆ బండల మీద ఉన్నాయి. ఇటు బళ్ళారి జిల్లా సిరుగుప్ప దగ్గర నిట్టూరు, ఉదేగోళంలోనూ అశోకుడి చిన్న శాసనాలు ఉన్నాయి. మన నేల బౌద్ధానికి కొత్త కాదు.

ఆ 14లో పన్నెండో శాసనం మాట గురించే. దాని సారం ఇది. అన్ని మతాల వాళ్ళూ నాలుకను అదుపులో పెట్టుకోవాలి. సందర్భం లేకుండా తన మతాన్ని పొగుడుకోవడం, ఇతరుల మతాన్ని తిట్టడం చేయకూడదు. సందర్భం వచ్చినా మితంగా మాట్లాడాలి. తన మతం మీద ప్రేమతో ఎదుటివాళ్ళ మతాన్ని తిట్టేవాడు నిజానికి తన మతానికే ఎక్కువ హాని చేస్తున్నాడు.

ఆఖరి మాటను గట్టిగా పట్టుకోవాలి. మన పిల్లగాళ్ళు కొందరు బుద్ధుడి బొమ్మ ప్రొఫైల్‌గా పెట్టుకొని ఎదుటి మతం దేవుళ్ళ మీద, వాళ్ళ ఇంటి ఆడవాళ్ళ మీద బూతులు రాస్తున్నారు. చూసినోడు ఆ పిల్లగాడి పేరు గుర్తు పెట్టుకోడు. బుద్ధుడి బొమ్మ పెట్టుకున్నోళ్ళు ఇట్లా మాట్లాడతారని గుర్తు పెట్టుకుంటాడు.

విమర్శ వద్దని అశోకుడు చెప్పలేదు. సందర్భం చూసి, మితంగా చేయమన్నాడు. బాబాసాహెబ్ జీవితమంతా విమర్శ చేశాడు. ఆధారం చూపించి, పుస్తకం పేరు చెప్పి, వాదన నిలబెట్టి చేశాడు. ఆయన దారిలో నడవాలంటే ముందు చదవాలి.

3. మాట నిప్పయితే ఏం జరుగుతుంది

2018 వేసవి గుర్తు చేసుకోండి. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వీడియోలు వచ్చాయి. దేశంలో చాలా చోట్ల కొత్త మనిషి కనిపిస్తే కొట్టి చంపారు. జులై 1న మహారాష్ట్రలో ధూలే జిల్లా రైన్‌పాడలో ఐదుగురిని చంపారు. వాళ్ళు భిక్షాటన చేసుకుంటూ తిరిగే సంచార జాతి మనుషులు. పుకారు పుట్టినప్పుడు దెబ్బ తగిలేది ఇల్లూ వాకిలీ లేనోళ్ళకే.

అదే ఏడాది తుంగభద్రకు అవతల, మన పక్కనే ఉన్న గద్వాలలో ఏం జరిగిందో చూడండి. జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల ఎస్పీగా రెమా రాజేశ్వరి ఉన్నారు. ఊర్లలో జనం ఎండాకాలంలో కూడా ఆరుబయట పడుకోకుండా తలుపులు వేసుకుంటున్నారని పోలీసులు గమనించారు. ఎందుకని అడిగితే ఫోన్లలో వీడియోలు చూపించారు. పోలీసులు ఊరూరా తిరిగారు. జానపద కళాకారులతో డప్పు కొట్టించి, పాట పాడించి, ఆ వీడియోలు అబద్ధమని చెప్పించారు. అక్కడ ఆ పుకారుకు ఒక్క ప్రాణం కూడా పోలేదు. అబద్ధం ఫోనులో వస్తే నిజం డప్పు మీద వచ్చింది. మన తప్పెట చేయగలిగిన పని అది.

ఇంకొకటి మనకు మరీ దగ్గరిది. 2022 ఏప్రిల్‌లో కోనసీమ జిల్లా ఏర్పడింది. మే 18న దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు చేరుస్తూ ప్రభుత్వం ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చింది. మే 24న అమలాపురంలో ఆ పేరు వద్దని జనం రోడ్డెక్కారు. మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లు, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇల్లు తగలబెట్టారు. జనాన్ని పోగు చేయడానికి వాట్సాప్ గ్రూపులు వాడారని పోలీసులు చెప్పారు. ఒక మనిషి పేరు జిల్లాకు పెడితే ఇళ్ళు కాల్చేంత కోపం ఆ ఒక్క రోజులో పుట్టింది కాదు. ఏళ్ళ తరబడి చిన్న చిన్న వెక్కిరింపులుగా పేరుకుంది.

ఆ తర్వాత ప్రభుత్వం కోనసీమలో ఇంటర్నెట్ ఆపేసింది. ఇంటి నుంచి పని చేసుకునేవాళ్ళు సిగ్నల్ కోసం పక్క ప్రాంతాలకు పోవాల్సి వచ్చింది. నిప్పు పెట్టినోడికీ, నిప్పుకు భయపడి ఇంట్లో కూర్చున్నోడికీ ఒకటే శిక్ష పడింది. నెట్ ఆపితే అబద్ధం ఆగినట్టు కనిపిస్తుంది గానీ, దాన్ని ఖండించే నిజం కూడా ఆగిపోతుంది.

4. చట్టం ఏం చేస్తుంది

మాటకు అదుపు ఉండాలా వద్దా అనేది రాజ్యాంగమే తేల్చింది. 19వ అధికరణం మాట్లాడే స్వేచ్ఛ ఇచ్చింది, దానిలోనే సహేతుకమైన పరిమితులు కూడా పెట్టింది. ఆ పరిమితి గీత యాడ గీయాలన్నదే చిక్కు.

గీత తప్పుగా గీస్తే ఏమవుతుందో మన రాష్ట్రమే చూసింది. ఐటీ చట్టంలో 66ఎ అనే సెక్షన్ ఉండేది. ఎవరికైనా చిరాకు, ఇబ్బంది కలిగించే పోస్టు పెట్టినా జైలే. 2013 మేలో ఒక ఎమ్మెల్యే మీద, ఒక గవర్నరు మీద ఫేస్‌బుక్‌లో పోస్టు పెట్టినందుకు పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ రాష్ట్ర అధ్యక్షురాలిని చీరాల పోలీసులు ఈ సెక్షన్ కింద అరెస్టు చేశారు. 2015 మార్చి 24న జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ నారీమన్ ఉన్న సుప్రీంకోర్టు బెంచి ఆ సెక్షన్‌ను మొత్తం కొట్టేసింది. చర్చించడం వేరు, గట్టిగా వాదించడం వేరు, హింసకు ఉసిగొల్పడం వేరని చెప్పింది. ఉసిగొల్పే దగ్గరే ప్రభుత్వం చెయ్యి వేయొచ్చు.

ఇది మనకెందుకు? ఊరి పెద్దకు చిరాకు కలిగించే మాట అన్నింటికంటే ఎక్కువ మాట్లాడేది మనమే. గుడి ప్రవేశం గురించి, హోటల్లో రెండు గ్లాసుల గురించి, శ్మశానానికి దారి గురించి మాట్లాడితే ఎవరికో ఒకరికి చిరాకు పుడుతుంది. చిరాకునే నేరం చేసే చట్టం వస్తే మొదట లోపలికి పోయేది మన పిల్లలే. కాబట్టి కోపంలో ఏ చట్టమైనా సరే కఠినంగా తెమ్మని అడగొద్దు. హాని ఏమిటో స్పష్టంగా రాసిన చట్టాన్ని అడగాలి.

అట్లాంటి చట్టం మన చేతిలో ఇప్పటికే ఉంది. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం నలుగురికీ కనిపించే చోట ఎస్సీ, ఎస్టీ వ్యక్తిని అవమానించాలని కావాలని చేస్తే నేరం. రాతతోనో, మాటతోనో, బొమ్మతోనో ఈ వర్గాల మీద ద్వేషం రెచ్చగొడితే నేరం. ఈ వర్గాలు గొప్పగా గౌరవించే, చనిపోయిన వ్యక్తిని కించపరిచినా నేరమే. శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్ళ వరకు. సోషల్ మీడియా కూడా నలుగురూ చూసే చోటేనని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది. అయితే 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇంకో మాట కూడా స్పష్టం చేసింది. తిట్టు తగిలిన మనిషి ఎస్సీ అయినంత మాత్రాన చాలదు, కులం కారణంగా అవమానించే ఉద్దేశం ఉండాలి. ఫిర్యాదు రాసేటప్పుడు ఇది మనసులో పెట్టుకోవాలి.

బౌద్ధం తీసుకుంటే ఈ చట్టం వర్తించదని కొందరు భయపెడతారు. అది నిజం కాదు. 1990 సవరణతో బౌద్ధులైన షెడ్యూల్డ్ కులాల వాళ్ళకూ ఎస్సీ హోదా ఉంది.

కంపెనీల బాధ్యత వేరే ఉంది. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ప్రతి కంపెనీ ఫిర్యాదుల అధికారిని పెట్టాలి. ఫిర్యాదు అందిందని 24 గంటల్లో చెప్పాలి, గడువు లోపల తేల్చాలి. జవాబు నచ్చకపోతే కేంద్ర ప్రభుత్వం 2023లో పెట్టిన అప్పీలు కమిటీకి 30 రోజుల లోపు పోవచ్చు. ఫేస్‌బుక్ తన నిబంధనల్లో మతం, జాతితో పాటు కులాన్ని కూడా రక్షించాల్సిన గుర్తింపుగా రాసుకుంది. కానీ సామెత రూపంలోనో, పాత వృత్తి పేరుతోనో వచ్చే కులపు తిట్టు యంత్రానికి అర్థం కాదు. అందుకని రిపోర్టు కొట్టి ఊరుకోకుండా, ఆ మాట ఎందుకు కుల దూషణో రాసి పంపాలి.

5. ఓర్చుకోమన్నాడా బుద్ధుడు?

భారద్వాజ గోత్రపు బ్రాహ్మణుడు ఒకడు బుద్ధుడి దగ్గరికి వచ్చి నోటికొచ్చినట్టు తిట్టిన కథ మీకు తెలుసు. నీ ఇంటికి వచ్చిన చుట్టాలు నువ్వు పెట్టిన భోజనం తినకపోతే అది ఎవరిదవుతుందని బుద్ధుడు అడిగాడు. నాదేనన్నాడు అతను. నీ తిట్లు నేను తీసుకోవడం లేదు, అవి నీవేనన్నాడు బుద్ధుడు.

ఈ కథ చెప్పి, మీరు బౌద్ధులు కదా, కేసు ఎందుకు పెడతారు, ఓర్చుకోండని మనకు బోధించేవాళ్ళు ఉన్నారు. ఇక్కడ జాగ్రత్తగా చూడాలి. ఆ కథ మన లోపలి కోపం గురించి. ఎదుటివాడి తిట్టు మన మనసును ఏలకూడదు. కులం పేరుతో పెట్టిన పోస్టు ఒక మనిషి కోపంతో ఆగదు. దాని వెనక ఊరి బలం ఉంటుంది, అది రేపు కూలి పని దగ్గర, బడి దగ్గర, బావి దగ్గర బయటపడుతుంది. కోపం తీసుకోకుండా ఉండడం, ఫిర్యాదు రాయడం రెండూ ఒకే మనిషి చేయొచ్చు. కోపం లేనోడు రాసిన ఫిర్యాదే స్టేషన్లోనూ కోర్టులోనూ నిలబడుతుంది.

అభయ రాజకుమారుడితో బుద్ధుడు చెప్పింది కూడా గుర్తు పెట్టుకోవాలి. నిజమై, మేలు చేసే మాట ఎదుటివాడికి రుచించకపోయినా, సమయం చూసి తథాగతుడు చెబుతాడు. చంటిబిడ్డ గొంతులో రాయి ఇరుక్కుంటే రక్తం వచ్చినా సరే వేలు పెట్టి తీస్తాం కదా, అట్లా. కుల వివక్ష గురించి నిజం చెప్పడం ఈ జాతి మాట. సమ్మా వాచా భయం వల్లనో, ఒకరి మెప్పు కోసమో ఉండకూడదని బాబాసాహెబ్ తన ధమ్మ గ్రంథంలో వివరించాడు.

మరి బుద్ధుణ్ణి, ధమ్మాన్ని, సంఘాన్ని తిడితే? బ్రహ్మజాల సుత్తంలో జవాబు ఉంది. కోపం తెచ్చుకుంటే వాళ్ళు అన్నది తప్పో ఒప్పో తేల్చుకునే శక్తి మీకే పోతుందన్నాడు బుద్ధుడు. ఈ కారణం వల్ల ఇది నిజం కాదని విడమరిచి చెప్పమన్నాడు. దీన్ని ఒక కామెంటులో రాయొచ్చు. ఒక్కసారి, ఆధారంతో, బూతు లేకుండా. అంతటితో ఆపాలి. ఎందుకంటే మనం వంద కామెంట్లు పెట్టి కొట్లాడితే, కంపెనీ యంత్రం ఆ పోస్టును ఇంకా ఎక్కువ మందికి చూపిస్తుంది. తిట్టినోడికి మనమే దండోరా వేసినట్టు.

6. మనలో మనం

కష్టమైన మాట చివరికి పెట్టాం. 2024 ఆగస్టు 1న ఎస్సీ వర్గీకరణ చేయొచ్చని సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల బెంచి తీర్పు ఇచ్చింది. వర్గీకరణ కావాలనేవాళ్ళూ, వద్దనేవాళ్ళూ మన విహారాల్లో పక్కపక్కన కూర్చొని వందన చేస్తున్నారు. ఆ వాదన ఎవరిది సరైనదో ఈ పాఠం చెప్పదు. అది జనాభా లెక్కలతో, ఉద్యోగాల లెక్కలతో వాదించుకోవాల్సిన విషయం. కానీ ఆ పేరుతో మాల మాదిగలు ఫోన్లలో ఒకరినొకరు తిట్టుకున్న మాటలు చూస్తే, ఊరి పెద్దలు మనల్ని తిట్టడానికి వాడిన మాటలే అవి. ఆ మాటలను మనం మనమే వాడుకుంటే వాళ్ళకు తిట్టే పని కూడా తప్పింది.

ఆదోనిలో ముస్లిం సోదరులతో కలిసి బతుకుతున్నాం. పండగల ముందు వాళ్ళ మీద వచ్చే వీడియోలు మన గ్రూపుల్లోనూ తిరుగుతాయి. మన మీద వస్తే ద్వేషం, వాళ్ళ మీద వస్తే సమాచారం అనుకోవడం ధమ్మం కాదు. ఎవరో చెప్పారని, అందరూ అంటున్నారని నమ్మొద్దని కాలాములకు బుద్ధుడు చెప్పింది ఇట్లాంటి వాటికే.

7. ఆచరణ

విహారం గ్రూపులోనూ, ఇంటి గ్రూపులోనూ ఈ పనులు మొదలుపెట్టండి.

ఒకటి, రెండు బాణాల గుర్తుతో వచ్చిన మెసేజ్ చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. ఎవరు మొదట చెప్పారో తెలియకుండా దాన్ని పంపొద్దు.

రెండు, గ్రూపు అడ్మిన్ చేయని తప్పుకు అడ్మిన్‌ను నేరస్థుణ్ణి చేయలేమని బొంబాయి, కేరళ హైకోర్టులు చెప్పాయి. చట్టం వదిలినా శీలం వదలదు. ద్వేషపు పోస్టు వస్తే అడ్మిన్ తీసేయాలి. పెట్టినోడికి గ్రూపులో పరువు తీయకుండా విడిగా ఫోన్ చేసి చెప్పాలి: "ఏమప్పా, ఇది నిజమని నీకెట్లా తెలుసు?"

మూడు, కుల దూషణ కనిపిస్తే జవాబు రాసే ముందు సాక్ష్యం దాచండి. పోస్టు లింకు, పెట్టినవాళ్ళ ఖాతా పేరు, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. ఆ తర్వాత కంపెనీకి రిపోర్టు, పోలీసులకు రాతపూర్వక ఫిర్యాదు. ఏ స్టేషన్లో అయినా జీరో ఎఫ్ఐఆర్ తీసుకోవాలి. అధికారి కావాలని విధి తప్పితే అత్యాచారాల చట్టం 4వ సెక్షన్ ఉంది.

నాలుగు, మన ఆడపిల్లల ఫోటోలు మార్చి పెట్టినా, బెదిరించినా వాళ్ళను తప్పు పట్టొద్దు, ఫోను లాక్కోవద్దు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయించండి. డబ్బు మోసమైతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ఐదు, మన పిల్లగాడు బూతు పోస్టు పెట్టి కేసులో ఇరుక్కుంటే వాణ్ణి వదిలేయొద్దు. వకీలును చూపించండి, పోస్టు తప్పని కూడా చెప్పండి. పైన బుద్ధుడు చెప్పిన ఐదు గుర్తులూ వాడితో కూర్చొని చదివించండి.

నోరు మంచిదైతే ఊరు మంచిదని సామెత. మన నోరు మంచిగా పెట్టుకున్నంత మాత్రాన ఊరు మారిపోదు, దానికి చట్టమూ కావాలి, సంఘమూ కావాలి. అయితే చట్టం ముందు నిలబడేటప్పుడు, సంఘం కట్టేటప్పుడు మన మాట శుభ్రంగా ఉంటే మన మీద వేలెత్తి చూపడానికి ఎదుటివాడికి సందు దొరకదు.

చర్చకు ప్రశ్నలు

1. గడిచిన వారంలో మీరు ముందుకు పంపిన మెసేజ్‌లు మూడు తీసుకోండి. మంచి మాటకు చెప్పిన ఐదు గుర్తుల్లో ఒక్కోదానికి ఎన్ని ఉన్నాయి?

2. విమర్శకూ ద్వేషానికీ తేడాను ఎర్రగుడి పన్నెండో శాసనం ఆధారంగా మీ మాటల్లో చెప్పండి.

3. చిరాకు కలిగించే మాటను నేరం చేస్తే మన ఊర్లో ఎవరి నోరు ముందు మూతపడుతుంది?

4. వర్గీకరణ మీద భిన్నమైన అభిప్రాయం ఉన్న ఇద్దరు ఉపాసకులు విహారంలో ఎట్లా మాట్లాడుకోవాలో ఇద్దరు నిలబడి చేసి చూపించండి.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.